మీ నాన్న ఆర్పిన లైట్లు

మాలీ గోధుమ సీమ,
ఏప్రిల్ పద్దెనిమిది, ఆదివారం

చిరంజీవి రస్సెల్‌కు,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, ఆరు కోళ్లూ, ఆ కోళ్ల మేత తిని వాటికంటే బలిసిన ఓ వెయ్యి ఎలుకలూ. నువ్వూ, టామ్సిన్ కూడా ఆ ఎర్రమట్టి గనుల ఊళ్లో చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా అన్నది మర్యాదకి రాసిన మాట. అక్కడ ఇంకా ఎండలు మండుతున్నాయని రేడియోలో చెప్పారు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్‌లో అయితే మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటాం కాబట్టి ఈ ఉత్తరాల పద్ధతే మేలు. కాగితం మీద నువ్వు నా మాటకి అడ్డు రాలేవు. నేను నీ మాటకి అడ్డు రాలేను, అది ఇంకా మేలు.

అడిగినవాటికి జవాబులు. వేళకి తింటున్నాను. మొన్న మాంసం కొట్టుకి వెళితే అతను నన్ను చూసి అలవాటుగా ఆరు చాప్స్ తూచాడు. తర్వాత ఇద్దరం చెరోవైపు చూశాం. ఆరూ తెచ్చుకున్నాను. మోకాలు పోయిన నెల ఎలా ఉందో అలాగే ఉంది. నాన్న కోటు ఇంకా తలుపు వెనక మేకుకే ఉంది. ఎవరికైనా ఇచ్చెయ్యమని ముగ్గురు సలహా చెప్పారు. ముగ్గురూ పొట్టివాళ్లే, వాళ్లకి అది సరిపోదు. కారు టామ్సిన్‌దే, అందులో మార్పు లేదు. కానీ ఎప్పుడు ఆగిపోతుందో తెలియని బండిని మనవరాలి చేతికి ఇవ్వను. అందుకే బ్యాటరీ మళ్లీ చస్తోందని నీకు రాశాను.

దానికి నువ్వు రాసిన మొదటి వాక్యం నాలుగుసార్లు చదివాను. “అయితే నాన్న సమాధిలోంచి లేచి వచ్చి లైట్లు వేసి పోతున్నాడా అమ్మా?” అన్నావు. దానికి జవాబు ఉంది. ముందు మిగతా పేజీ సంగతి చెప్పనీ.

ఇక్కడ మళ్లీ ఎలుకల ఏడాది. కోతల్లో రాలిన గోధుమ తిని ఒక్కసారిగా పెరిగాయి. రొట్టె కాల్చే పెట్టెలో రెండు, నా బూటులో ఒకటి దొరికాయి. పక్క పొలం ఎర్న్ కోత యంత్రంలో తీగలన్నీ కొరికి పెట్టాయి. అందుకని పోయిన ఏడాదిలాగే సాయంత్రం కాగానే ఊరంతా బండ్ల బానెట్లు ఎత్తి వదిలేస్తున్నారు. ఇంజను దగ్గర వెచ్చగా, చీకటిగా ఉంటేనే కదా ఎలుక గూడు పెట్టేది. చలిగాలి తగిలితే పక్కింటివాడి బండికి పోతుంది. చర్చి నుంచి పోస్టాఫీసు దాకా బండ్లన్నీ పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటాయి. నేనూ మన కారుకి అదే చేస్తున్నాను. నాన్నకి ఇది గిట్టేది కాదు. “ఎలుకలకి వీధి తలుపు తీసిపెట్టి భోజనానికి పిలుస్తున్నారు, పిచ్చి జనం” అనేవాడు.

గురువారం ఉదయం టీ తాగి, నాన్న మీటరు తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. దాని పెట్టె మీద “క్లారీది. ముట్టుకోవద్దు” అని రాసి ఉంది. ముట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నల్ల తీగ విప్పి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాను. బండి నిద్రపోతూ ఉంటే అంకె దాదాపు సున్నా ఉండాలన్నావు. సున్నా పాయింట్ తొమ్మిది చూపించింది. బండి నిద్రపోవడం లేదు, కళ్లు మూసుకుని నటిస్తోంది, నా ఆరో తరగతి వెనక బెంచీలాగా.

తర్వాత ఫ్యూజులు. ఒక్కొక్కటీ పీకడం, అంకె చూడటం, మళ్లీ పెట్టడం. ఏడోది పీకగానే అంకె పడిపోయింది. మూత లోపల భూతద్దం పెట్టి చదివితే అది దీపాల ఫ్యూజు. దొంగ ఏ వీధిలో ఉన్నాడో తెలిసింది, ఏ ఇంట్లోనో తెలియాలి. పైకప్పు దీపం ఆరే ఉంది. ముందు అరలోని చిన్న బల్బు పీకేశాను, మార్పు లేదు. డిక్కీలోది పీకేశాను, మార్పు లేదు. తొమ్మిది తొమ్మిదిగానే కూర్చుంది. నడుము పట్టేసి, నిలదొక్కుకుందామని ఎత్తి ఉన్న బానెట్ లోపలి వైపు చెయ్యి ఆనించాను. చెయ్యి చురుక్కుమంది.

బిస్కెట్టంత గుండ్రటి మూత. జిడ్డు, దుమ్ము పట్టి బానెట్ రంగులోనే కలిసిపోయింది. ఆప్రాన్ అంచుతో తుడిచాను. లోపల దీపం వెలుగుతోంది. బానెట్ ఎత్తితే తనంతట తనే వెలిగే దీపం, రస్సెల్. మెకానిక్ చూసుకోవడానికి వీలుగా పెట్టారట. ముప్పై ఏళ్లు ఆ కారులో తిరిగాను, అది ఉందనే తెలియదు.

అంకె కనబడేలా మీటరుని కారు ముందు అద్దం దగ్గరికి లాగి బానెట్ సగం దించాను. అంకె పోయింది. ఎత్తాను, తొమ్మిది. దించాను, లేదు. మూడోసారికి నాకు అర్థమైంది. అయినా ఇంకో మూడుసార్లు ఎత్తి దించాను, చేసిన లెక్కే మళ్లీ చేస్తే జవాబు మారుతుందేమోనని చూసే పిల్లల్లాగా.

ఇప్పుడు నీ మొదటి వాక్యానికి జవాబు. సమాధిలోంచి ఎవరూ లేవలేదు. ఆ లైటు వేస్తున్నది నేను. ఈ ఏడాది నేనే, పోయిన ఏడాదీ నేనే.

పోయిన ఏడాది ఇదే నెలలో నాన్న సాయంత్రం ఆరింటి వార్తల ముందు కూర్చోగానే, కోళ్ల గూడు మూసి వస్తానని వెళ్లి బానెట్ ఎత్తేదాన్ని. పొద్దున కోళ్లని వదిలేటప్పుడు, ఆయన బూట్లు తొడుక్కునేలోపు దించేసేదాన్ని. చెబితే ఒప్పుకోడు, ఒప్పించే ఓపిక నాకు లేదు, అందుకని చెప్పకుండా చేశాను. మన ఇంట్లో చాలా పనులు అలాగే జరిగాయి.

మూడు రోజులకో నాలుగు రోజులకో బ్యాటరీ చచ్చేది.

“లైట్లు వదిలేశావు” అనేదాన్ని.

“ఆర్పాను నోలా.”

“ఆర్పితే బండి ఎందుకు కదలదు? అలిగిందా?”

“ఆర్పినట్టే గుర్తు.”

“అదే నేనూ చెప్తున్నా. గుర్తు!”

గ్యారేజీ మెకానిక్ రే వచ్చి చూశాడు. బానెట్ ఎత్తి, ఆ దీపం కిందే తల పెట్టి చూశాడు. “బ్యాటరీ కొత్తది, చార్జింగ్ బాగానే ఎక్కుతోంది. ఇక పాతబడింది మనిషే క్లారీ!” అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

ఆ తర్వాత నుంచి నాన్న ఇంకో పని మొదలుపెట్టాడు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. బయటికి వెళ్లి వచ్చాక కారు చుట్టూ తిరిగి ఒక్కో దీపం మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. ముందువి రెండూ, వెనకవి రెండూ. నాలుగడుగులు ఇంటివైపు వేసి, ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చూసేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. తన మాట తనే నమ్మలేక చేత్తో తడిమి చూసుకుంటున్నాడని నాకు తట్టలేదు. జబ్బు ముదిరిందనుకున్నాను.

మే నెలలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. జాబితా రాసుకుని వెళ్లాను. నీకు తెలుసుగా, ముప్పైయెనిమిదేళ్లు పిల్లల తప్పులకి జాబితాలు రాసినదాన్ని. ఎర్న్ భార్య పేరు మరిచిపోయాడు, అది నిజమే. నీళ్లు లేని కెటిల్ పొయ్యి మీద పెట్టాడు, అదీ నిజమే. నేనూ రెండుసార్లు పెట్టాను, అది జాబితాలో రాయలేదు. లైట్లు వదిలేసి బ్యాటరీ చంపాడు, తొమ్మిదిసార్లు. కారు చుట్టూ తిరిగి దీపాలు తడుముతాడు, రోజూ. డాక్టరమ్మ ఆయన్ని ఏవో బొమ్మలు గీయమంది, నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంది. బెదిరిపోయిన మనిషి ఏం గీస్తాడు? ఆవిడ పెన్ను తిప్పుతూ, “మిగతావి ఈ వయసులో మామూలేనండీ. కానీ ఈ లైట్ల సంగతే నన్ను ఆలోచనలో పడేస్తోంది” అంది. ఆవిడ లైసెన్సుల ఆఫీసుకి కాగితం పంపింది. జూన్‌లో లైసెన్సు తీసేశారు. తాళాలు నా చేతిలో పెట్టేటప్పుడు నాన్న వాటిని గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఆ తర్వాత ఇక్కడి జూలై చలి ముదిరి ఎలుకలు చచ్చాయి, నేను బానెట్ ఎత్తడం మానేశాను. బ్యాటరీ ఒక్కసారి కూడా చావలేదు. అది చూసి నా మాటే నిజమైందనుకున్నాను. అక్టోబరులో సమాధి దగ్గర నువ్వు, “నాన్న జన్మలో ఒక్క గేటు తెరిచి వదల్లేదమ్మా, లైటు వదులుతాడా?” అంటే, “తాళాలు తీసుకున్నాక బ్యాటరీ ఒక్కసారైనా చచ్చిందేమో చెప్పు” అని ఊరందరి ముందూ నీ నోరు మూయించాను. నువ్వు టీ కూడా తాగకుండా వెళ్లిపోయావు. నువ్వు చెప్పిందే నిజం. నేను చెప్పింది తప్పు. పంతులమ్మ చేత్తోనే రాస్తున్నాను, దాచుకో.

ఇంతవరకూ రాసి పొద్దున ఆపేశాను. అసలు చెప్పాల్సింది ఇంకా రాయలేదు. ఈ ఉత్తరం రేపటి టపాలో వేయాలి, లేకపోతే ఎప్పటికీ వేయను.

నాన్న పోవడానికి మూడు రోజుల ముందు, ఆసుపత్రిలో. న్యుమోనియా అని నీకు తెలుసు. నువ్వింకా దారిలో ఉన్నావు. మధ్యాహ్నం నర్సు కస్టర్డ్ తెచ్చింది, రెండు చెంచాలు తిన్నాడు. తర్వాత కిటికీవైపు చూస్తూ, “నోలా, ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా?” అన్నాడు.

“ఎప్పుడు చెప్పలేదు?”

“ఆ లైట్లు. నిజంగా నేనే వదిలేశానంటావా? నాకు ఆర్పినట్టే ఉంటుంది. ఆ స్విచ్చి మీద నా వేలు ఇప్పటికీ తెలుస్తుంది.”

ఒక్క మాట చాలు, రస్సెల్. ఏమో క్లారీ, నాకు తెలియదు అన్నా చాలు. అది నిజం కూడా. నాకు నిజంగా తెలియదు. కానీ తెలియదు అనడం నాకెప్పుడు చేతనైంది? “నువ్వే వదిలేశావు. ఇప్పుడు దాని గురించి ఎందుకు, పడుకో” అన్నాను. దుప్పటి సర్దాను కూడా.

నాన్న నావైపు తిరిగాడు. “అయితే అంతే అయుంటుంది. నువ్వు చదువుకున్నదానివి” అన్నాడు. వెక్కిరించడం కాదు. మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

గురువారం మీటరు పెట్టెలో పెట్టేసి, ఆ బల్బు పీకి జేబులో వేసుకుని, నడుచుకుంటూ ఎర్న్ ఇంటికి వెళ్లాను. కొరికిన తీగలకి టేపు చుడుతున్నాడు. “ఎర్న్, క్లారీ లైట్లు మరిచిపోలేదు” అని మొత్తం చెప్పాను. అతను టేపు చుట్టడం ఆపలేదు.

“మరిచిపోలేదని నాకు తెలుసులే.”

“తెలుసా? ఎలా?”

“ఏప్రిల్లో వారం వారం నన్ను కూడా రమ్మనేవాడు, ఆర్పాడో లేదో సాక్ష్యం చూడమని. చూసేవాణ్ణి. ఆరిపోయే ఉండేవి.”

“మరి నాకెందుకు చెప్పలేదు, మహానుభావా!”

అప్పుడు తలెత్తి చూశాడు. “నీకా? నీకు చెప్పేదెవరు నోలా? నలభై ఏళ్లలో ఎవరైనా చెప్పగా విన్నావా? క్లారీయే వద్దన్నాడు. దాంతో పెట్టుకోకు, ఎటూ అదే గెలుస్తుంది అన్నాడు.”

అతని భార్య టీ తెచ్చింది. నాన్న మరిచిపోయిన పేరు ఆవిడది, విల్మా. నాకు కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు. తాగకుండానే వచ్చేశాను.

శుక్రవారం డాక్టరమ్మని కలిశాను. ఆయన కాగితాల్లో ఈ సంగతి రాయమన్నాను. “ఆయన పోయారు కదండీ, ఆ ఫైలు మూసేశాం” అంది. తెరవమన్నాను. నా ముందే రాసింది: లైట్లు రోగి వదలలేదు, భార్య పొరపాటు. ‘పొరపాటు’ కొట్టేసి ‘పని’ అని రాయమంటే ఒప్పుకోలేదు. మంచి మనిషి.

కారు ఇప్పుడు బాగుంది. మూడు రాత్రులు బానెట్ ఎత్తే ఉంచాను, పొద్దున ఒక్క తిప్పుకే అందుకుంది. టామ్సిన్ ఎప్పుడొస్తే అప్పుడు తీసుకెళ్లవచ్చు. తాళాలు ఇచ్చేటప్పుడు ఈ కథ దానికి నువ్వే చెప్పు, ఏదీ తగ్గించకుండా. తాతకి మతి పోయిందని దానికి చెప్పింది నేనే.

నీ ఉత్తరం కోసం చూస్తాను. తిట్టాలంటే తిట్టు, ఈసారి అడ్డు రాను. ‘నీ తప్పు కాదమ్మా’ అని మాత్రం రాయకు. నీకు నాన్న మెత్తదనం వచ్చింది, రాస్తావని తెలుసు. ఆ మాట నాతో అనగలిగిన మనిషి ఒక్కడే. ఆయన పోయేదాకా అది తన తప్పే అనుకున్నాడు.

ఇట్లు,
నీ తల్లి,
నోలా