గిర్ని పక్క గుంత

పాలమూరు, 1949 వైశాఖం, శుక్రవారం

మా మరిది పోయిన పదిరోజుల మైల నిన్నటితో తీరింది. ఈరోజే పిండి గిర్ని తెరిచాము. ఆరో నెల గర్భంతో ఉన్న కోడలు జానకి మోటారు మీద చెయ్యి పెట్టి, "అత్తమ్మా, జుమ్మన్నది!" అని వెనక్కి దూకింది. నేను గబుక్కున మీట ఆపేశాను.

పోలీసు యాక్షన్ భయానికి ఊరు విడిచి, మొన్ననే తిరిగొచ్చిన ఖాదర్ మిస్త్రీని పిలిపించాను. ఈ మోటారు బిగించింది ఆయనే. ఆయన నేరుగా బయటికెళ్ళి, మోటారు ఇనుము నుంచి భూమిలోకి ఎర్తు తీగ దిగిన, ఉప్పు బొగ్గులు నింపిన గుంత దగ్గర కూర్చున్నాడు. అది ఎండి పగుళ్ళు వారింది.

"దినాం నీళ్ళు పొయ్యమన్న గదమ్మా!"

"మైల గద మిస్త్రీ. తులసమ్మకే పొయ్యలే, దీనికెట్ల పోస్త?"

"మైల మనకు గాని, కరెంటుకేం మైలమ్మా!"

నవ్వి, నా చేతనే రెండు బిందెలు పోయించాడు. అందరినీ దూరం జరిపి మీట వేశాడు. టప్పుమని ఫ్యూజు కాలిపోయింది. మోటారు లోపల ఒక తీగ పూత పోయి పై ఇనుముకు తగులుతోందట. ఇందాక భూమి ఎండిపోయి కరెంటు ఇనుములోనే ఉండిపోయింది. ఇప్పుడు తడి దొరకగానే ఒక్కసారిగా భూమిలోకి దిగింది. ఆ ధాటికే ఫ్యూజు కాలి కరెంటు ఆగింది.

రోజూ భూదేవికి మొక్కే మంచం దిగుతాను. నా జానకి మీదికి రావలసినదాన్ని ఆ తల్లి ఇలా మింగేస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

రేపటి నుంచి మొదటి చెంబు ఆ గుంతకే. తులసమ్మ ఏమీ అనుకోదు. ఆమె నిలబడిందీ ఆ మట్టిలోనే కదా.