మంగళవారం వద్దన్నాను

26 జూలై 1986, శనివారం

విట్లాక్ అడవిలో పని. ముళ్ళపొదలు నరకడం, నడకదారి పొడవునా చెట్లకి నీలం గుర్తులు వేయడం. రంగు డబ్బా ఎప్పుడూ నా చేతికే. చీరలు కట్టేవాళ్ళకి రంగులు బాగా తెలుస్తాయని నాతో పనిచేసే రూత్ లెక్క. ఆమె ముందు నేను చీర కట్టింది ఒక్కసారే.

నలభై ఎకరాలు. మేపుల్ చెట్లు, ఓక్ చెట్లు, మధ్యలో కప్పల చిత్తడి. నోవై ఊరి ఇళ్ళు మూడు వైపులా వచ్చేశాయి, ఇదొక్కటే మిగిలింది. మిసెస్ విట్లాక్‌కి ఎనభై ఒకటి, పిల్లల్లేరు. దీన్ని అడవులు కాపాడే మా ల్యాండ్ ట్రస్ట్‌కి రాసిచ్చేస్తోంది. రాసిస్తే ఇక ఎవరూ ఎప్పటికీ ఇక్కడ ఇల్లు కట్టడానికి లేదు. సంతకం ఆగస్టు ఐదున. సాక్షిగా నన్నుండమంది. "మిగతావాళ్ళు నా నేల కోసం వస్తారు. నువ్వు టీ కోసం వస్తావు" అని.

పన్నెండేళ్ళయింది ఈ దేశం వచ్చి. నన్ను ఇలా ఎవరూ పిలవలేదు.

30 జూలై

పంచాంగం చూశాను. ఐదో తేదీ మంగళవారం. ఆషాఢ అమావాస్య. దానం పట్టే రోజా అది?

ఈయన నవ్వారు. "అది రాజమండ్రి టైమే. ఇక్కడ అమావాస్య ఎప్పుడొస్తుందో నీకేం తెలుసు?" గంటలు వెనక్కి లెక్కేసి చూశాను. అయినా మంగళవారమే పడింది.

31 జూలై

రూత్‌తో చెప్పలేదు. ఆమె సైన్స్ టీచర్. నేరుగా మిసెస్ విట్లాక్‌కే ఫోన్ చేశాను. మా వాళ్ళు ఆ రోజు ఏ మంచి పనీ మొదలుపెట్టరు... శుక్రవారానికి మార్చుకుంటే... "ఇన్నేళ్ళు ఆగిన నేల మూడు రోజులు ఆగలేదా" అంది. లాయర్‌తో తనే మాట్లాడుతుందట. నా పేరు చెప్పొద్దన్నాను.

1 ఆగస్టు

లాయర్ ఆరో తేదీ నుంచి సెలవు. తిరిగొచ్చేది పద్దెనిమిదిన. సంతకం పంతొమ్మిదికి వెళ్ళింది. మూడు రోజులు రెండు వారాలయ్యాయి. పోనీ, మళ్ళీ మంగళవారమే అయినా శ్రావణ పౌర్ణమి. ఇంతకంటే మంచి రోజు దొరకదు.

5 ఆగస్టు

మంచి ఎండ. ఏమీ జరగలేదు.

9 ఆగస్టు, శనివారం

అడవి అంచున ఎవరిదో కారు. ఒకతను మూడు కాళ్ళ స్టాండ్ పెట్టి నేల కొలుస్తున్నాడు. చేయి ఊపాను. నా వైపే చూశాడు, ఊపలేదు. రూత్ మాత్రం "పక్క స్థలం వాళ్ళదై ఉంటుందిలే" అంది.

14 ఆగస్టు

రూత్ ఫోన్. మిసెస్ విట్లాక్ వంటింట్లో పడిపోయిందట. పోస్ట్‌మాన్ చూశాడట. స్ట్రోక్. మాట పోయింది. కుడి చేయి పోయింది.

సంతకం చేసే చేయి.

15 ఆగస్టు

వరలక్ష్మీ వ్రతం. కలశం పెట్టాను, కథ చదివాను. ఏం చదివానో తెలియదు. మధ్యలో రూత్ మళ్ళీ ఫోన్. "ఆవిడ ఐదో తేదీ ఎందుకు వద్దంది? నీకేమైనా చెప్పిందా, సూ?" తెలియదన్నాను. వ్రతం రోజున, తడి పసుపు చేతులతో, అబద్ధం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే లాయర్ సెలవు గురించి పది మాటలు చెప్పాను.

ఈయనకి చెప్పేశాను. పేపర్ మడిచి, "ఆలస్యం అమృతం విషం" అన్నారు. పళ్ళెం నా ముందుకి జరిపి, "స్ట్రోక్ నువ్వు తెప్పించావా ఏంటి? తిండి తిను" అన్నారు. మంచి మనిషే. అన్నం మాత్రం తీసి ఫ్రిజ్‌లో పెట్టేశాను.

19 ఆగస్టు

పౌర్ణమి.

23 ఆగస్టు, శనివారం

హాస్పిటల్‌కి వెళ్ళాను. అక్కడ ఆవిడ మేనల్లుడు గేరీ, ఒహాయో నుంచి వచ్చాడట. చాలా మర్యాదస్తుడు. లేచి నాకు కుర్చీ వేశాడు.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పాలని నోరు తిప్పుతోంది, మాట రావడం లేదు. చేయి వదలడం లేదు. గేరీ వంగి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. నెమ్మదిగానే. "ఆంటీ అలిసిపోతుంది. ఇక ఫ్యామిలీ మాత్రమే వస్తే బాగుంటుంది" అన్నాడు.

6 సెప్టెంబర్

అడవి నిండా కొయ్య మేకులు, ఒక్కోదానికీ నారింజ రంగు రిబ్బన్. చిత్తడి చుట్టూ కూడా. మా దారి వెంట నేను నీలం వేసిన ఓక్ చెట్ల మీద ఎవరో ఎర్ర ఇంటూలు కొట్టారు. పదిహేడు లెక్కపెట్టి ఆపేశాను. భయమేసింది. పట్టపగలు, తెలిసిన దారిలో, కారు దాకా పరుగెత్తాను.

12 సెప్టెంబర్

ట్రస్ట్ మీటింగ్. లాయర్ వచ్చాడు. ఆవిడ ఆస్తి చూసుకునే హక్కు తనకివ్వాలని గేరీ కోర్టుకెక్కాడట. ఆవిడ నిజంగా ఇవ్వాలనుకుందని జడ్జి నమ్మితే దానం పూర్తి చేయించవచ్చు. సన్నని దారి, కానీ ఉంది. గేరీ మాట ఒక్కటే: ఇవ్వాలనుంటే ఐదునే ఇచ్చేది, తనంతట తనే వద్దంది, అంటే మనసు మారింది.

"ఎందుకు వద్దందో తెలిసిన మనిషి ఒక్కరుంటే చాలు" అన్నాడు లాయర్. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేనూ చూశాను, అందరితో పాటు.

13 సెప్టెంబర్

ఈయన గొంతు పెంచరు. ఇవాళ పెంచారు. "కోర్టులో నించుని అమావాస్యని చెప్తావా? ఆఫీస్‌లో నా మొహం మీదే నవ్వుతారు. నెల్రోజులు దాచావని ఆ రూత్‌కి తెలిస్తే నిన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

అడవి పోతుందన్న భయం కంటే రూత్ మొహం మారుతుందన్న భయమే ఎక్కువగా ఉంది నాకు. రాయడానికి సిగ్గుగా ఉంది. రాశాను.

19 సెప్టెంబర్, శుక్రవారం

గేరీ ఫోన్. "సుభద్ర గారేనా?" అందరికీ సూనే. ఇతను పూర్తి పేరు నేర్చుకున్నాడు.

ఆంటీ వంటింట్లో క్యాలెండర్ దొరికిందట. ఐదో తేదీ కొట్టేసి పక్కన నా పేరు, చిన్న చందమామ బొమ్మ. తన ఆఫీస్‌లో ఒక ఇండియన్ ఉన్నాడు, అతన్నడిగితే అమావాస్య సంగతి చెప్పాడట. కోపం లేదు గొంతులో. "మీరు కంగారు పడకండి. ఆ క్యాలెండర్ పారేశాను. సోమవారం కోర్టులో ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. మనిద్దరికీ అదే మంచిది."

నేను థాంక్స్ అన్నాను. నోటి అలవాటు.

మనిద్దరికీ.

21 సెప్టెంబర్, ఆదివారం

పొద్దున ఈయన గ్రోసరీస్‌కి వెళ్ళగానే రూత్‌కి ఫోన్ చేశాను. "నీకో మాట చెప్పాలి" అన్నాను.

"చెప్పు, సూ."

ఊపిరి వినిపిస్తోంది అవతల. వెనక వాళ్ళ కుక్క.

"రేపు కోర్టు ఎన్నింటికి?" అని అడిగాను. నాకు తెలిసిందే.

"తొమ్మిదికి. నా పక్కనే కూర్చో, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది.

సరేనన్నాను.