ఉన్ని పోగులతో జవాబు

ప్రొద్దుటూరు,
11-10-1961.

మా అమ్మ పెద్దసుబ్బమ్మకు చిన్నకూతురు చిన్నసుబ్బమ్మ కాళ్ళకు మొక్కి రాసే జాబు.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని ఇక్కడ రాయాలి. ఈసారి రాయను. ఎందుకు రాయనో ఈ జాబులోనే చెబుతాను. మధ్యలో లేవకుండా చివరిదాకా విను.

మల్లికార్జునయ్య సారూ, మీకు వేరే దండం. పెద్దముడియంలో మాలాంటి వాళ్ళ జాబులు చదివి పెట్టే ఓపిక మీకొక్కరికే ఉంది. ఆ మేలు మరువను. కానీ ఈ జాబు ఉన్నదున్నట్టు చదవండి. నేను మొరటుగా రాసినచోట మీరు మెత్తగా చేయొద్దు. మా అమ్మ ముఖం చూసి ఒక్క ముక్క కూడా మింగొద్దు.

అమ్మా, నిన్న అందిన కార్డులో తిండి సంగతి అడిగించావు. తింటున్నాను. సంగటి దొరకదు, అన్నం దొరుకుతుంది. గోంగూర ఊరగాయ అయిపోయింది. ఆసుపత్రిలో నోరు కాస్త తగ్గించుకున్నావా అని అడిగావు. తగ్గించుకోలేదు. ఎంత మాత్రం తగ్గించుకోలేదో ఇంకాసేపట్లో నీకే తెలుస్తుంది.

దువ్వూరులో ఇనుపకడ్డీ కాల్చి కీళ్ళ మీద వాతలు పెట్టే మనిషి ఉన్నాడు, పోదునా అని అడిగావు. పోవద్దు. కాలిన మంట ముందు లోపలి నొప్పి నాలుగు రోజులు తెలియదు, అంతే. ఇక్కడికి వచ్చేవాళ్ళలో పదిమందికి ఆరుగురి మోకాళ్ళ మీద ఆ మచ్చలున్నాయి. వాతతో నొప్పి పోయుంటే వాళ్ళు బస్సెక్కి ఇక్కడికెందుకు వస్తారు?

చివరన ఇంకొకటి అడిగించావు. నువ్వు ఆడనే ఉండావు కదా, నాకు అసలు మాత్రలే పడేటట్టు చూడు అని. చదవగానే ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే మొదట్లో నేనూ అదే చూశాను, ఏ సీసాలో అసలుది ఉందో అని. తెలియలేదు. నీకు ఇంకోసారి చెబుతాను, బాగా విను. కోదండపాణి డాక్టరు దగ్గరికి కీళ్ళవాతంతో వచ్చేవాళ్ళు నీతో కలిపి నలభై మంది. ఎప్పుడూ ఇచ్చే పాత మాత్ర అందరికీ పడుతుంది. దానిపైన సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి మందులేని ఉత్త మాత్ర. రెండూ ఒకే రంగు, ఒకే రుచి. సీసాల మీద అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ మందో రాసిన కాగితం లక్క వేసిన కవరులో, బీరువాలో ఉంది. అది చివరి రోజున గానీ విప్పరు. డాక్టరుకే తెలియదు, నాకేం తెలుస్తుంది?

నాకు ఇది తెలిసిన రోజు ఆయన మీదికి పోట్లాటకు పోయాను.

"బీదోళ్ళకు ఉత్త పిండి మింగిస్తాండారా సామీ? మా పానాలంటే మీకు లెక్కల్యా?"

ఆయనకు కోపం రాలేదు. "మొదటి రోజే నలభై మందికీ ఈ సంగతి చెప్పినా. నువ్వు పక్కనే నిలబడుకోని ఉంటివి. అందరూ తల ఊపిరి, ఎవరూ వినలేదు. ఈ కొత్త మాత్రతో కొందరికి కడుపులో పుండు పడింది, మద్రాసులో నా కండ్లతో చూసినా. మేలు చేస్తాదో లేదో తెలుసుకోకుండా అందరి చేతా మింగించమంటావా?" అన్నాడు.

మాటల్లో ఆయనే గెలిచాడు. ఓడిపోతే నాకెట్లా ఉంటుందో నీకు తెలుసు. రెండు రోజులు బకెట్లన్నీ దబదబా కొట్టి పెట్టాను.

నేను వార్డులు ఊడ్చే దాన్ని. మందు సీసాల చీటీలు, దూది చుట్టి వచ్చే పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అది చూసి ఆయన, నెలకొక సోమవారం మీరందరూ వచ్చినప్పుడు రాసే రిజిస్టరు నా చేతికి ఇచ్చాడు. వచ్చినవాళ్ళను డాక్టరు అడుగుతాడు, నొప్పి ఎక్కువా, అట్లే ఉందా, తక్కువా అని. వాళ్ళు చెప్పింది నేను రాయాలి. అంతే పని. కానీ అమ్మా, ఊడ్చే దాని చేతికి కలమిచ్చారు. ఆ పుస్తకాన్ని నేను చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని.

జమ్మలమడుగు ఖాజాబీ గుర్తుందా? మగ్గాలకు కండెలు చుట్టే ముసలామె, మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని నీ వక్కాకు అంతా నమిలేసింది చూడు, ఆమె. ఒక సోమవారం డాక్టరు ఎట్లుందమ్మా అని అడిగితే, "అల్లా దయ, మీ దయ అయ్యా. నొప్పి యాడికో పాయె" అనింది. నేను 'తక్కువ' అని రాశాను. బయట వరండాలోకి పోయి నన్ను పిలిచింది.

"ఓ పిల్లా, ఈ మాత్రల పొట్లం నా కొంగుకు ముడెయ్యి. చేతి ఏళ్ళు వంగల్యా."

"ఇప్పుడే కదా నొప్పి పోయిందంటివి?"

"ఆయప్ప అంత సదువు సదివినోడు, ఎదురుగా కూచోని అమ్మా అని అడుగుతాంటే, పోలేదని మొగం మీద ఎట్ల చెప్తారే? నీకు మర్యాద నేర్పినోళ్ళు ల్యారా?"

పక్కన పులివెందుల చెన్నకేశవ, చెనక్కాయ పండించే ఆయన, గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. "నేను గూడా బాగుందనే చెప్పినా. బాగల్యాదంటే ఆయప్ప మనసు కష్టపెట్టుకోని ఈ మాత్రలు గూడా ఆపేస్తే?"

"నిజంగా ఎట్లుంది మామా?"

"నిజంగానా? ఎద్దుల పలుపు ఇప్పేదానికి మా ఆడమనిషిని పిలుస్తాండా. ఇది మావూరోళ్ళకు చెప్పగాకు తల్లీ."

నేను లోపలికి పోయి రిజిస్టరు డాక్టరు బల్ల మీద వేశాను. "దీన్ని పొయ్యిలో పెట్టండి సామీ. దీంట్లో నొప్పి ల్యాదు, మర్యాద ఉంది" అన్నాను. ఆయన పుట తిప్పి చూపించాడు. నలభై మందిలో ముప్పై ఏడు మందికి 'తక్కువ'. "సగం మంది తినేది ఉత్త మాత్ర. అయినా అందరికీ తగ్గిందంట. నేనూ పోయిన నెల నుంచి ఇదే చూస్తాండా" అన్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరగలేదు గానీ, తిరిగుంటే బాగుండునని అనిపించేంతగా ముఖం వాడిపోయింది.

ఆసుపత్రికి రాకముందు నేను బంగారు అంగళ్ళ వీధిలో ఆచారి అంగడి ఊడ్చేదాన్ని కదా. ఉంగరం చేయించుకునే ఏ ఆడమనిషీ తన వేలు లావని ఒప్పుకోదు. ఆచారి వాదించడు. అంకెలు కొట్టిన రింగుల గుత్తి తీసి ఒక్కొక్కటే తొడుగుతాడు. రింగు కణుపు దగ్గర ఆగితే ఆగిందే, ఆమె ఏం చెప్పినా అంతే. ఆ సంగతి డాక్టరుకు చెప్పాను. నోటిని అడిగితే లాభం లేదు, వేలిని అడుగుదాం అన్నాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఇది నేను చదువుకున్న పుస్తకంలోనే ఉంది. చదివి మరిచిపోయినా" అన్నాడు. ఆచారి పాత ఇత్తడి గుత్తి ఇస్తూ, "ఆసుపత్రికా? అంతమందికీ ఒగే ముహూర్తానికి పెండ్లా?" అని నవ్వాడు. ఆగస్టు నుంచి నోటి మాట పక్కన వేలి అంకె కూడా రాస్తున్నాను. ఖాజాబీ నోరు ఇంకా 'తక్కువ' అంటూనే ఉంది. ఆమె వేలు మాత్రం అబద్ధమాడడం లేదు. నీ వేళ్ళకూ తొడిగాను, అప్పుడు నువ్వు 'బంగారు ఉంగరమేమో అనుకుంటి' అని నవ్వావు.

ఇప్పుడు అసలు సంగతి. సారూ, ఇక్కడ ఆపకుండా చదవండి.

సెప్టెంబరులో పెన్న పొంగి బస్సులు నిలిచాయి. నువ్వు రాలేదు. రిజిస్టరులో నీ వరస ఖాళీగా ఉంది. వరస ఖాళీగా ఉంటే పేరు కొట్టేస్తారు, పేరు పోతే మాత్రలు పోతాయి. ఆ వారమే సారు రాసిన అంతకుముందటి కార్డు వచ్చింది. 'మేమందరము క్షేమము. అమ్మ ఆరోగ్యము బాగున్నది.' ఆ కార్డు ముందు పెట్టుకుని, నిన్ను అడగకుండా, నీ వరసలో 'తక్కువ' అని రాశాను. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదమ్మా. జాబులో ఉంది కదా అనుకున్నాను. వేలి అంకె దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏమీ రాయలేకపోయాను.

మొన్న ఆదివారం అన్న కుళ్లాయప్ప గొర్రెలు తోలుకుని సంతకు వచ్చాడు. అమ్మ ఎట్లుందని అడిగితే, "పొద్దున్నే చెంబు పట్టుకోను చేత గాల్యా. నేనే మొగం కడుగుతాండా. ఉన్ని వడికే కదురు ముట్టుకోని నెలాయె" అన్నాడు.

"మరి బాగుందని రాయించినారే!" అని అరిచాను.

కుళ్లాయప్ప నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "జాబులో అట్లే గదమ్మే రాస్తారు? బాగల్యాదని రాస్తే ఎవురో సచ్చిపోయినారనుకుంటారు."

సంత నడిమధ్యలో నిలబడి ఏడ్చాను. ఖాజాబీని తిట్టాను, చెన్నకేశవను తిట్టాను, వాళ్ళు చేసిందే నేనూ చేశాను. వాళ్ళు తమ నొప్పినే దాచారు. నేను నీ నొప్పిని కొట్టేశాను.

సోమవారం పొద్దున్నే డాక్టరుకు చెప్పేశాను. ఆయన కలం తీసి నీ వరస మీద అడ్డంగా గీత గీశాడు. "ఇట్లాంటివి ఇంకెన్ని రాసినావు?" అన్నాడు. ఇదొక్కటే అన్నాను. "నేనెట్ల నమ్మాల?" అన్నాడు. నన్ను కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. తర్వాత ఖాళీగా ఉన్న అంకె గడి మీద వేలు పెట్టాడు. "దీంట్లో గూడా ఏదో ఒకటి రాసింటే ఈపొద్దే నిన్ను ఇంటికి పంపించేవాన్ని" అని, రిజిస్టరు తీసుకుని బీరువాలో పెట్టాడు. ఇప్పుడు నా చేతిలో చీపురే ఉంది. ఈ నెల ఇరవైమూడు, సోమవారం, నువ్వు వచ్చి ఉన్నదున్నట్టు చెబితే నీ పేరు మళ్ళీ రాస్తానన్నాడు. నీ మాట, నీ వేలు ఒకటే చెబితే, రిజిస్టరు సంగతి కూడా అప్పుడు చూస్తానన్నాడు.

నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. బిడ్డ పని పోతుందేమోనని గడపలోనే మొదలుపెడతావు, 'మా పాప సల్లని చేయి సామీ, నొప్పంతా పాయె' అని. అట్లా అన్నావంటే నా పని నిలవదు, పోతుంది. నా మీద ఒట్టు అమ్మా. నన్ను కాపాడాలనుకుంటే నీ నొప్పి ఎంతుందో అంతా చెప్పు. కదురు పట్టలేనని చెప్పు. చెంబు సంగతి చెప్పు. ఎక్కువా చెప్పొద్దు, తక్కువా చెప్పొద్దు. ఆయన బాధపడితే పడనీ. ఆయన ఇక్కడ కూర్చున్నది అందుకే.

నీ సీసాలో ఉన్నది ఉత్త మాత్రే కావచ్చు. అట్లయినా నువ్వు వచ్చి చెప్పాలి. నీ నొప్పి తగ్గలేదని తెలిస్తేనే, ఎవరికి తగ్గిందో తెలుస్తుంది.

ఇంకొక్కటి. నీకు నొప్పి ఎక్కువ పొద్దున్నే. బస్సు దిగేసరికి పన్నెండు, అప్పటికి వేళ్ళు వదులవుతాయి. పొద్దుటి వాపును ఇక్కడ ఎవరూ చూడలేరు. డాక్టరును అడిగాను, సరే అన్నాడు. కంబళికి వాడే బాగా పేనిన ఉన్ని పోగు, సాగనిది, తీసుకో. నువ్వు కట్టుకోలేవు, అన్న చేత చేయించు. నిద్ర లేవగానే కుడిచేతి నడిమి వేలి పెద్ద కణుపు చుట్టూ పోగు చుట్టి, కొనలు కలిసినచోట కత్తిరించమను. బిగించొద్దు. ఆ ముక్క ఎంత పొడవుంటే నీ వేలు అంత లావున్నట్టు. మళ్ళీ మధ్యాహ్నం ఇంకొకటి. ఇట్లా వారం రోజులు. సారూ, ఒక్కొక్క జతను చిన్న కాగితంలో మడిచి ఏ రోజుదో మీరు రాయండి. ఆ రోజు పేరు తప్ప ఒక్క అక్షరం కూడా రాయొద్దు. మీ చేతిరాత చాలా అందంగా ఉంటుంది, అందుకే నాకు భయం.

ఈ జాబుకు మాటలతో జవాబు వద్దు. క్షేమమని వద్దు, కాదని వద్దు. కవరు విప్పగానే నాకు నీ వేలు కనపడాలి.

ఇట్లు,
ఇంకా మర్యాద నేర్చుకోని నీ చిన్నకూతురు,
చిన్నసుబ్బమ్మ