శ్రీపాద కొండ, తడి తువ్వాలు

ఏవండీ, మీ అన్నం మూతపెట్టి ఉంచాను. చారు వేడి చేసుకోండి. మంచం మీది తడి తువ్వాలు మేడ మీద ఆరేయండి. మధ్యాహ్నం ఆ మాట అన్నందుకే కదా కంచం ముందు నుంచి లేచిపోయారు! కోపం తగ్గాలని శ్రీలంక వెళ్లి బుద్ధుడి పాదముద్ర ఉన్న కొండ ఎక్కుతానన్న మనిషికి మేడమెట్లు కష్టమా? నాకు మోకాళ్ల నొప్పులని, అత్తయ్యగారికి తోడుగా ఇంట్లో ఉండమన్నారు. మేమిద్దరం భట్టిప్రోలు స్తూపం దగ్గర నడక అలవాటు చేసుకోవడానికి వెళ్తున్నాం. చీకటి పడేలోపు వస్తాం. పప్పులో మామిడికాయ ముక్కలన్నీ మీకే ఉంచాను.

చెప్పడం మరిచాను. మీరు వెళ్లాక అత్తయ్యగారు మజ్జిగ పోసుకుంటూ తేల్చేశారు: "కొండకి నేనూ కోడలూ పోతాం. వాడు ఇంట్లో ఉండి తువ్వాలు ఆరేసుకుంటే చాలు, అదే వాడి తపస్సు."