ముప్పై ఒక్క పేర్ల ఎదుట నేను రాసిన మాట

గణిత ప్రమాణాల పరిశీలనాధికారి గారి సముఖమునకు,
జహీరాబాద్.

అయ్యా,

విషయం: పదవ తరగతి గణిత ప్రమాణాల పట్టికలో నా చేతి తప్పును కొట్టివేసి, సాయంకాలపు ప్రత్యేక తరగతులను తిరిగి ఇప్పించుట గురించి.

హైవే పక్కనున్న మా ఊరి ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న మమత అను నేను మనవి చేసుకొనునది:

1. ఈ ఏడు గణితానికి పద్నాలుగు ప్రమాణాలు నిర్ణయించారు. ప్రతి పేరు ఎదుట, ప్రతి ప్రమాణానికి 'సాధించెను' లేదా 'సాధించలేదు' అని రాయాలి. నా చేతిరాత బాగుంటుందని మా లెక్కల సారు చందర్ గారు, దిద్దిన పరీక్ష పేపర్లతో పాటు ఆ పట్టికను నాకు అప్పగించారు. "జర పైలంగ రాయి బిడ్డా. పేపర్ల ఎట్లుంటె అట్లనే," అన్నారు.

2. నేను అట్లు రాయలేదు. పక్కన కూర్చునే భవాని నా చెయ్యి పట్టుకుంది. "సరూప త్రిభుజాల కాడ సాధించలేదని రాసినవనుకో, మా నాయన బడి మాన్పిచ్చి అల్లం తవ్వనీకి తోలుతడే!" 'సాధించెను' అని రాశాను. వెనక బెంచీ నుంచి రితేష్, "దోస్తులకేనా? మేమేం పాపం జేసినం?" అన్నాడు. న్యాయమే అనిపించింది. ముప్పై ఒక్కమందికీ, అన్ని ప్రమాణాలకూ అదే మాట రాశాను. అయ్యా, ఆ మాట రాస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో! సారు నన్ను నమ్మి సంతకం చేశారు.

3. తత్ఫలితంగా, అందరూ అన్నీ సాధించిన మా పాఠశాలకు ప్రత్యేక తరగతులు అనవసరమని ఉత్తర్వు వచ్చింది. సాయంత్రాలు సారును రాయికోడ్ వైపు ఒక బడికి పంపుతున్నారు.

4. పరీక్షలకు రెండు నెలలే ఉన్నాయి. భవాని రోజూ రెండు త్రిభుజాలు గీసి, ఏ భుజం కింద ఏ భుజం రాయాలో తెలియక నా ముఖం చూస్తుంది. నాకూ తెలియదు. నాకు రానివాటికీ 'సాధించెను' అనే రాసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

5. సారు దోషి కారు. శిక్ష నాకే వేయండి. తరగతికి మాత్రం మళ్ళీ పరీక్ష పెట్టి, పట్టికను వేరొకరిచేత ఉన్నది ఉన్నట్టు రాయించి, సారును మాకు ఇవ్వండి.

తప్పు చేసిన దాని మనవే అయినను, తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మమత

తా.క.: దీన్ని కవరులో పెట్టబోతుంటే భవాని లాక్కుని చదివింది. "నా ఇజ్జత్ తీసినవ్ గదనే!" అంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత, "ఇది ఆఫీసర్ చూస్తె మన సార్ మళ్ళ వస్తడా?" అని అడిగింది. తెలియదన్నాను. కలం ఇమ్మంది. కింది వాక్యం తనది.

నాకు సరూప త్రిభుజాలు రావు. భవాని.