చిలక ఇచ్చిన చుక్కలు

ఫిబ్రవరి 21, 2016

ధనరాజు బావకి,

నీ అనూరాధ నమస్కరించి రాసేది. ఇక్కడ అత్త, ఉష, నేను, నువ్వు వెళ్తూ నా మెడకి తగిలించిపోయిన మేక, అందరం కులాసా. అక్కడ నువ్వూ, బోటులో మనవాళ్లూ వేళకి తింటూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మూడుసార్లు చెప్పబోయాను బావా. నీ గొంతు వినగానే వేరే మాట ఎత్తేశాను. అసిరయ్య మావ రేపు గుజరాత్‌కి, మీ వేరావల్ రేవుకే రైలెక్కుతున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. బోటులో అందరి మధ్యా విప్పకు. ఒక మూల కూర్చుని ఒక్కడివే చదువుకో.

నాగబాబు చేత పంపిన ఉత్తరంలో నువ్వు అడిగినవి ముందు చెప్తాను. హుదూద్ తుఫాను తర్వాత వేసిన ఇంటి రేకులు గట్టిగానే ఉన్నాయి, ఒక మూల మాత్రం గాలికి టపటపలాడుతోంది. అత్తకి కుడికంటి శుక్లం తీశారు. ఇప్పుడు నా కంచంలో ఎన్ని ముక్కలున్నాయో గుమ్మంలోంచే చెప్పేస్తోంది. ఇక చివరిది, అరసవల్లి రోడ్డులో ఇంగ్లీషు బడిలో ఉషకి సీటొచ్చిందా అని అడిగావు. రాలేదు బావా. తప్పు నాది.

దసరాకి నువ్వు పంపిన ట్యాబులో చదువులాట ఉంది కదా. చెట్టు మీంచి ఇంగ్లీషు అక్షరాలు రాలతాయి. వేలు పెట్టి నొక్కితే పలుకుతాయి, లాగి వరసగా పెడితే మాటవుతుంది. మాట కుదిరితే చిలక రెక్కలు కొట్టుకుని "శభాష్" అంటుంది, ఒక చుక్క ఇస్తుంది. మొదట్లో ఉషే ఆడేది. తప్పు పెట్టినప్పుడల్లా నేను వేలు పెట్టి సరిచేసేదాన్ని. తర్వాత్తర్వాత, ఇలా తే, నేను చూపిస్తానని తీసుకునేదాన్ని. కొన్నాళ్లకి తిరిగి ఇవ్వడమే మానేశాను.

చేపలమ్మి వచ్చి, వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, మధ్యాహ్నమంతా నేనే ఆడేదాన్ని. అది మోకాళ్లు ముడుచుకుని పక్కన కూర్చుని చూసేది. నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించి నెత్తిన గంప పెట్టారు, నీకు తెలుసు. అప్పట్నుంచి నన్ను శభాష్ అన్న మనిషి లేడు. నువ్వు మాత్రం అన్నావా? పులుసు కుదిరితే ఇంకో ముద్ద ఎక్కువ తింటావు, అంతే. ఆ చిలక శభాష్ అంటే నాకు ఒళ్లు పొంగిపోయేది. ముప్పయ్యేళ్లదాన్ని, ఐదేళ్ల పిల్ల ఆట లాక్కుని ఆడాను. రాస్తుంటేనే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు ఫోన్ చేసి "ఎన్ని సుక్కలొచ్చినాయే తల్లీ" అన్నప్పుడల్లా అది నా మొహం చూసేది. నేను చెవిలో చెప్పేదాన్ని, అది నీకు చెప్పేది. నూటపన్నెండు అన్ననాడు బోటులో అందరికీ బిస్కెట్లు పంచానన్నావు. కనీసం ఆ రోజైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మొన్న గురువారం దానికి నూనె రాసి, రెండు జడలేసి బడికి తీసుకెళ్లాను. జగన్నాధం మాస్టారని పెద్దాయన, మెత్తని మనిషి. ఆయన అడక్కుండానే నేను చుక్కల గొప్పలన్నీ చెప్పేశాను. ఆయన పుస్తకం తెరిచి, కుక్క బొమ్మ కింద ఉన్న మాట చదవమన్నారు. ఉష మొదటి అక్షరం మీద వేలు పెట్టి నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. ట్యాబులోలాగా కాగితం కూడా పలుకుతుందని చూస్తోంది బావా.

"ఇంటికాడ గడగడా సదివేస్తాది సార్. ఇక్కడికొచ్చి మొండికేస్తంది" అన్నాను. ఆయన పుస్తకం మీంచి తలెత్తి నా వైపు చూశారు. ఆ చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంతో పిల్ల చెంప మీద ఒక్కటిచ్చాను. "సదవ్వే! ఏటలా మొద్దులా సూస్తావు?" అన్నాను. అది ఏడవలేదు. మాస్టారే లేచి మా మధ్యకొచ్చి, "పిల్లని కొట్టకమ్మా. ఇంటి దగ్గర నేర్పించి వచ్చే ఏడు తీసుకురా" అన్నారు. ఆటోలో దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోబోతే రాలేదు. డ్రైవరు వెనకాల ఇనప కడ్డీ పట్టుకుని ఇంటిదాకా అలాగే నిలబడింది.

ఇంటికొచ్చాక ట్యాబు దాని చేతికిచ్చాను. తెచ్చి నా ఒళ్లో పెట్టేసింది. "నువ్వాడుకో అమ్మా. నాను మొద్దుని" అంది. అత్త ఆ మాట విని ఆరా తీస్తే అంతా చెప్పేశాను. ఆవిడ అన్నం ముందునుంచి లేచిపోయింది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

రేపు సోమవారం ఉషని వెంటబెట్టుకుని మళ్లీ ఆ మాస్టారి దగ్గరికి వెళ్తాను. నా పిల్ల మొద్దు కాదు, ఆ చుక్కలన్నీ నావని దాని ముందే చెప్తాను. సీటిస్తారో ఇవ్వరో నాకు తెలీదు. ఆ మాట మాత్రం అది వినాలి. నువ్వు తిట్టేవన్నీ నన్ను తిట్టు, పడతాను. ఫోన్ దాని చేతికిచ్చాక మాత్రం చుక్కల సంగతి ఎత్తకు. ఏం తిన్నావు, మేక నిన్ను పొడిచిందా, ఇలాంటివే అడుగు.

ఇంకొక్క సంగతి ఉంది. అది దాచేద్దామనే అనుకున్నాను. నిన్న తల దువ్వుతూ దాన్ని అడిగాను, "మాస్టారు సదవమన్నప్పుడు, మాయమ్మే ఆడిందండీ అని సెప్పొచ్చు కదే? ఎందుకు సెప్పనేదు?" అని.

అది నా వైపు తిరగలేదు.

"సెప్తే నిన్ను కూడా కొడతారు కదా" అంది.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని మరదలు,
అనూరాధ