గాజు పెట్టెలో బంతి

షికాగో,
ఆగస్టు 19

అమ్మకు,

తెక్లా ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాన్న, నేను, లెనార్డ్ మామయ్య, కుక్క, అందరం బాగానే ఉన్నాం. నీ నడుం నొప్పి తగ్గిందనుకుంటాను. తగ్గకపోతే ఓడ వంటగదిలో ఆ పెద్ద గిన్నెలు నువ్వు ఎత్తకు, కుర్రాళ్లచేత ఎత్తించు.

నువ్వడిగిన వాటికి జవాబులు. జాడీలో ఊరేసిన కాబేజీ బాగా పులిసింది. వ్యాసంలో మొదటి మార్కు నాదే. ఇక బంతి సంగతి. అమ్మా, ఆ బంతితో నాకు ప్రాణం విసిగిపోయింది. విసుగుకు ఎన్ని మాటలున్నాయో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పదకొండయ్యాయి. నాన్నకు ఒక్కటీ చాలడం లేదు.

బేస్‌బాల్ ఆటగాడు డ్యూక్స్ జనంలోకి కొట్టిన ఐదువందలవ హోమ్ రన్ బంతి నాన్నకు చిక్కిందని వీధంతా తెలుసు. దాన్ని గాజు పెట్టెలో పెట్టి, టీవీ మీద నిలబెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు. వేలంపాట ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇలాంటి బంతుల మీద ఆటకు ముందే కంటికి కనపడని గుర్తు వేస్తారట. ప్రత్యేకమైన దీపం కింద చూస్తే తెలిసిపోతుందట. గుర్తుంటే ఆ డబ్బుతో ఇల్లు కొనొచ్చు. లేకపోతే కుక్క ఆడుకోవడానికే.

"ఒక్కసారి తీసుకెళ్లి చూపించు బావా!" అని మామయ్య రోజూ పోరు పెడుతున్నాడు.

"నా బంతికి పరీక్షేంట్రా? అదేమన్నా బడిపిల్లాడా?"

"ఆలస్యమైతే ధర పడిపోద్ది! వచ్చే నెలకి డ్యూక్స్‌ని జనం మర్చిపోతారు."

"నువ్వు పట్టుకుపోయిన నా నిచ్చెనని మాత్రం నేను మర్చిపోలేదు. ముందది తెచ్చియ్యి."

ఇదీ వరస. నవ్వుకుని ఊరుకుందును. కానీ నువ్వు, బంతి డబ్బు ఉంది కదా అని, వచ్చే ఏడు ఓడ ఎక్కనని నెలాఖరుకు కెప్టెన్‌తో చెప్పేస్తానని రాశావు. ఆ వాక్యం చదివాక ముద్ద దిగడం లేదు.

చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. డ్యూక్స్ ఎదుటి జట్టు వాడు; ఎదుటి జట్టు వాడి హోమ్ రన్ మన జనంలో పడితే, మాకొద్దని తిరిగి మైదానంలోకి విసిరేయడం మన ఊరి ఆనవాయితీ కదా. అందుకే నాన్న ఎప్పుడూ ఒక పాత బంతి తెచ్చుకుంటాడు, అసలుది దాచి దాన్ని విసరడానికి. ఆ రోజు పట్టిన బంతిని నా సంచిలో పడేసి, "పాతది తియ్యవే, తొందరగా!" అన్నాడు. చుట్టూ వెయ్యి గొంతులు "విసిరెయ్! విసిరెయ్!" అని అరుస్తున్నాయి. కంగారులో చేతికి తగిలింది ఇచ్చేశాను, నాన్న విసిరేశాడు. విసిరేవన్నీ పాతవేనని మైదానంలో వాళ్లకూ తెలుసు కనుక, అక్కడున్న ఒక ఆటగాడు కనీసం చూడకుండా దాన్ని ముందు వరుసలో ఒక ముసలావిడకు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక చూశాను. మాకు మిగిలిన బంతి మీద మన కుక్క పంటి గాట్లున్నాయి.

మూడు వారాలు మింగలేక కక్కలేక తిరిగాను. నిన్న నాన్న బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే ఏడుస్తూ చెప్పేశాను. ఆయన చాకు కూడా ఆపలేదు.

"ఆ గాట్లు అడుక్కి తిప్పి పెట్టిందెవరనుకున్నావే?"

"తెలిసీ మామయ్యతో రోజూ ఆ గొడవేంటి నాన్నా?"

"మీ అమ్మ కెప్టెన్‌కి చెప్పేదాకా నోరు మూసుకో. చెప్పేసిందా, ఆ చోట్లోకి ఇంకొకర్ని తీసుకుంటారు. ఇక ఇంటికొస్తుంది."

"వచ్చి నీ వీపు చీరేస్తుంది!"

"చీరనీ. ఇక్కడుండే చీరుతుందిగా." అప్పుడు చాకు ఆపి నెమ్మదిగా అన్నాడు: "చలికాలం సరస్సు గడ్డకట్టి మీ అమ్మ ఓడ ఆగితేనే నాకు పెళ్లాం ఉన్నట్టు. ఆరేళ్లయింది తెక్లా."

నోరు విప్పనని మాటిచ్చాను. ఈ ఉత్తరంతో ఆ మాట తప్పుతున్నాను. నిన్ను మోసం చేసి ఇంటికి రప్పించడం నాకిష్టం లేదు. గాజు పెట్టెలో చిల్లిగవ్వ లేదు, తెలుసుకుని నిర్ణయించుకో. కానీ రమ్మని ఆయన నిన్ను నోరు తెరిచి ఎన్నడూ అడగడు. అందుకని అదీ నేనే అడుగుతున్నాను. రా అమ్మా.

ఇట్లు,
నీ కూతురు
తెక్లా